పాత ఇల్లు కొనేముందు, గోడ కొట్టేముందు

కాకినాడ, రాజమండ్రి, మచిలీపట్నం, తెనాలి లాంటి ఊళ్ళలో, హైదరాబాద్‌లో బర్కత్‌పుర, పద్మారావునగర్ లాంటి పేటల్లో 40, 50, 70 ఏళ్ళ నాటి ఇళ్ళు అమ్మకానికి వస్తున్నాయి. కట్టినవాళ్ళు పోయారు. వాళ్ళ పిల్లలు బెంగళూరులోనో డల్లాస్‌లోనో స్థిరపడ్డారు. తాళం వేసిన ఇంటికి పన్ను కడుతూ, ఏటా పిట్టగోడ మీద మొలిచే రావి మొక్కలు పీకిస్తూ ఎంతకాలం ఉంచుకుంటారు? అమ్మేస్తున్నారు. చాలా వాటిని బిల్డర్లు కొని పడగొడుతున్నారు. కొన్నిటిని మాత్రం మామూలు ఉద్యోగాలు చేసుకునే కుటుంబాలు కొంటున్నాయి. ఫ్లాటుకు పెట్టే డబ్బుకు మరికొంత కలిపితే కాస్త సొంత నేల, పెరట్లో ఒక వేపచెట్టు, పెద్దవాళ్ళకు మెట్లెక్కే పని లేని గది దొరుకుతాయి. ఆ ఆశలో తప్పేమీ లేదు.

ఇలా కొన్న ఇల్లు ఆ కుటుంబానికి సుఖాన్నిస్తుందా, ఏళ్ళ తరబడి డబ్బునూ మనశ్శాంతినీ తినేస్తుందా అన్నది ఎక్కువగా ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది. అది పనుల వరస. ముందు కాగితాలు. తర్వాత నీరు ఎటు నుంచి వస్తోంది, ఎటు పోతోంది అన్నది. తర్వాత ఇంటి బరువును ఏ గోడ మోస్తోంది అన్నది. ఆ తర్వాత కరెంటు, పైపులు. అన్నిటికంటే చివర రంగులు, టైల్స్, అల్మరాలు. చాలా కుటుంబాల్లో ఈ వరస తలకిందులుగా నడుస్తుంది. కంటికి కనిపించే పని ముందు జరిగితే ఇంట్లో అందరికీ ఉత్సాహంగా ఉంటుంది కాబట్టి అలా జరుగుతుంది. దాని ఫలితం మొదటి వానాకాలంలో గోడల మీద కనిపిస్తుంది.

కాగితాలతో మొదలుపెడదాం. ఒక ఇంటిని 1962లో తాతగారు కొన్నారనుకోండి. ఇప్పుడు ఇద్దరు అన్నదమ్ములు అమ్ముతున్నారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీస్తే శుభ్రంగా ఉంటుంది. అంతమాత్రాన అంతా బాగున్నట్టు కాదు. రిజిస్టరైనవి మాత్రమే ఈసీలో కనిపిస్తాయి. నోటిమాటగా జరిగిన పంపకం, బీరువాలో ఉండిపోయిన వీలునామా, కోర్టులో నడుస్తున్న దావా, రిజిస్టర్ చేయని అగ్రిమెంటు అందులో కనిపించకపోవచ్చు.

అందుకే మొదట అడగాల్సింది వంశవృక్షం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా తండ్రి పోతే, ఆయన స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, బతికి ఉంటే ఆయన తల్లికి కూడా సమాన వాటాలు వస్తాయి. పిత్రార్జితం సంగతి వేరు. అందులో కూతుళ్ళకు వాటా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి వచ్చింది. అది కూడా అప్పటికి పెళ్ళికాని వాళ్ళకే. 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉంటేనే హక్కా అన్న అనుమానం మిగిలింది. 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తీర్చింది. హక్కు పుట్టుకతోనే వస్తుంది, తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం తిరగదోడరు.

దీని వల్ల కొనేవారికి ఏమవుతుంది? అక్కచెల్లెళ్ళ సంతకం లేని దస్తావేజు సగం భరోసానే ఇస్తుంది. 'మా అక్క ఏమీ అనదండీ, ఎప్పుడో పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం' అని అన్నదమ్ములు చెప్పే మాట మనస్ఫూర్తిగా చెప్పిందే కావచ్చు. కానీ ఆమె రిజిస్టర్డ్ హక్కు విడుదల పత్రం ఇచ్చిందా, లేదంటే అమ్మకం దస్తావేజు మీద సంతకం పెడుతుందా అని అడగాలి. తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఉన్న ప్రతి పేరుకూ ఒక సంతకం ఉండాలి. ఇది మర్యాద తక్కువ ప్రశ్న కాదు. ఆ ఇంటి ఆడపిల్లకు న్యాయం జరిగేదీ ఈ ప్రశ్నతోనే.

విదేశాల్లో ఉన్నవాళ్ళు జీపీఏ (తమ తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే పత్రం) పంపుతారు. విదేశంలో రాసిన జీపీఏ ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. ఇచ్చిన మనిషి చనిపోతే సాధారణంగా దాని బలం కూడా పోతుంది. జీపీఏ చేతికి వచ్చినంత మాత్రాన ఇంటి మీద హక్కు రాదని, రిజిస్టరైన అమ్మకం దస్తావేజు ఉంటేనే వస్తుందని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇంకో సంగతి. ధర 50 లక్షలో అంతకు మించో అయితే కొనేవారే 1 శాతం పన్ను పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవారిలో ఎన్ఆర్ఐ ఉంటే ఆ వాటాకు ఈ లెక్క వర్తించదు. కోత చాలా ఎక్కువ, 50 లక్షల పరిమితి కూడా ఉండదు. పట్టుకోకపోతే బాధ్యత కొన్నవారిదే. డబ్బు ఇచ్చేముందు ఒక చార్టర్డ్ అకౌంటెంటును అడగండి.

ఒరిజినల్ దస్తావేజులు కళ్ళతో చూడాలి. జిరాక్స్ మాత్రమే చూపిస్తుంటే, ఒరిజినల్ ఏదో అప్పు కింద ఎక్కడో ఉందేమో తెలుసుకోవాలి. దస్తావేజులో రాసిన గజాలు నేల మీద ఉన్నాయో లేదో టేపు పట్టి కొలవాలి. పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటే అది ఎవరిదో తేల్చుకోవాలి. పల్లెల్లో గ్రామకంఠం (ఊరి నివాస స్థలం) ఇళ్ళకు చాలా చోట్ల అసలు దస్తావేజే ఉండదు. 2020లో మొదలైన స్వామిత్వ పథకం కింద డ్రోన్లతో కొలిచి కార్డులు ఇస్తున్నది ఆ లోటు తీర్చడానికే.

డబ్బు లెక్క కూడా ఇక్కడే వేసుకోవాలి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు ఇంటి అప్పుకు ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల అప్పుకు 80 శాతం దాకా, అంతకు మించితే 75 శాతం దాకా బ్యాంకు ఇవ్వవచ్చు. 70 లక్షల ఇంటికి చేతి నుంచి కనీసం 14 లక్షలు కావాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఈ విలువలో కలవవు. రెండు రాష్ట్రాల్లోనూ అవి కలిపి మామూలుగా 7.5 శాతం, అంటే మరో 5 లక్షల 25 వేలు. పాత ఇంటికి ఇంకో చిక్కు ఉంది. బ్యాంకు పంపే వాల్యుయేటర్ పాత కట్టడానికి తక్కువ విలువ కట్టి, నేలను మాత్రమే పూర్తిగా లెక్కిస్తాడు. మీరు ఒప్పుకున్న ధర కంటే ఆయన వేసిన విలువ తగ్గితే అప్పు కూడా తగ్గుతుంది. మరమ్మతుల డబ్బు ఈ లెక్కలో ఎక్కడా లేదు. అడ్వాన్సు ఇచ్చేశాక ఈ సంగతి తెలిసిన కుటుంబాలు నగలు కుదువ పెట్టి గట్టెక్కడం మన ఊళ్ళలో కొత్తేమీ కాదు.

ఇక ఇంటి దగ్గరకు వెళ్దాం.

గేటు దగ్గర ఆగి రోడ్డునూ ఇంటి గచ్చునూ పోల్చి చూడండి. మన పట్టణాల్లో పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు పోస్తారు. 1970లో రోడ్డుకు మూడు అడుగుల ఎత్తున ఉన్న అరుగు ఇప్పుడు రోడ్డుతో సమానంగా ఉండవచ్చు, కిందికే ఉండవచ్చు. అలాంటి ఇంట్లోకి వాననీరు వస్తుంది. రాకపోయినా గోడ పక్కన నిలిచి, పునాదిలోకి దిగి, గోడల్లోకి ఎక్కుతుంది. ఇంటిని జాకీలతో ఎత్తించే పద్ధతి ఉంది. అది పెద్ద ఖర్చు, ప్రతి కట్టడానికీ సరిపడదు. ధర మాట్లాడేటప్పుడే ఇది లెక్కలోకి రావాలి.

వీధిలో ఇస్త్రీ బండి దగ్గర, కిరాణా కొట్లో ఒక ప్రశ్న అడగండి. పెద్ద వానకు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి? 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో నీళ్ళు నిలిచిన ఇళ్ళు ఇప్పుడు రంగులు వేసుకుని కొత్తగా కనిపిస్తాయి. వీధివాళ్ళకు మాత్రం నీటి గీత ఎక్కడో గుర్తుంటుంది.

లోపలికి వస్తే గోడ. 1960లకు ముందు కట్టిన ఇళ్ళలో చాలా వాటి గోడలు ఇటుక, గానుగ సున్నంతో కట్టినవి. సున్నం, ఇసుక, నీళ్ళు కలిపి ఎద్దులు తిప్పే గానుగలో రుబ్బిన ముద్ద అది. ఆ గోడల్లో తేమ అడ్డుపొర (నేల చెమ్మ పైకి ఎక్కకుండా పునాది మీద వేసే పొర) తరచుగా ఉండదు. నేలలోని తేమ ఇటుకల సన్నటి రంధ్రాల గుండా పైకి పాకుతుంది. సున్నపు పూత ఆ తేమను ఆపదు, బయటికి పోనిస్తుంది. గాలి తగిలి తేమ ఆరిపోతుంది. తేమతో పాటు వచ్చిన ఉప్పు పూత మీద తెల్లగా పూస్తుంది. ఏటా సున్నం కొట్టే మన అలవాటుకు ఇందులో అర్థముంది. పాడయ్యేది పైపూత, గోడ కాదు.

అదే గోడకు సిమెంటు పూత పూస్తే ఏం జరుగుతుంది? సిమెంటు పూత గట్టిది, తేమను అంత తేలికగా బయటికి పోనివ్వదు. కింద దారి మూసుకుపోయిన తేమ పైకి ఎక్కుతుంది. చాలా ఇళ్ళలో దీన్ని నేరుగా చూడవచ్చు. చెమ్మ కనిపించకూడదని హాల్లో మూడు అడుగుల దాకా టైల్స్ అతికించి ఉంటారు. టైల్స్ మెరుస్తూ ఉంటాయి. వాటి పై అంచుకు జానెడు ఎత్తున రంగు ఉబ్బి, గోటితో గీస్తే పొలుసులుగా రాలుతుంది. వెనక సిమెంటు, దాని వెనక తడిసిన ఇటుక. వేలితో తాకితే ఇటుక పొడిపొడిగా రాలుతుంది. ఉప్పు ఇటుకలోపలే గడ్డకట్టి దాన్ని చీల్చేసిందన్నమాట.

మేస్త్రి అక్కడ నిలబడి, 'సిమెంటులో వాటర్‌ప్రూఫ్ కలిపి గట్టిగా కొట్టేస్తే సరిపోద్దమ్మా' అంటాడు. ఆయన మోసం చేయడం లేదు. ఆయన నేర్చుకున్న రోజుల నుంచి ఉన్నది సిమెంటు పనే. కానీ ఆ సలహా సున్నపు గోడకు సరిపడదు. ముందు నీటి మూలం పట్టుకోవాలి. గోడ వెంట మట్టి మేటవేసి ఉంటే తీసేయాలి. వాననీటి గొట్టం గోడ పక్కన కాకుండా దూరంగా పడాలి. బాత్‌రూమ్ పైపు లీకవుతుంటే మార్చాలి. తర్వాత సిమెంటు పూతను ఊడబీకి, గోడను కొన్ని నెలలు ఆరనివ్వాలి. ఆపైన సున్నం, ఇటుక పొడి కలిపిన పూత పూసి, ప్లాస్టిక్ ఎమల్షన్ల బదులు సున్నం వేయాలి. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు కాబట్టి ఒకరు దొరికేదాకా ఓపిక పట్టడం మంచిది. ఆరడానికి పట్టే ఈ నెలలే కుటుంబాలకు కష్టం. ఆ విరామం లేకుండా వేసిన ఖరీదైన రంగు మొదటి వానకే ఉబ్బుతుంది.

పైకప్పు రెండు మూడు రకాలుగా ఉంటుంది. పెంకుటిల్లయితే మంగళూరు పెంకులు, వాటి కింద వాసాలు. 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగళూరులో మొదలుపెట్టిన ఈ పెంకుల పరిశ్రమ నుంచే మనకు ఆ పేరు వచ్చింది. పగిలిన పెంకు మార్చుకోవచ్చు కాబట్టి ఇది బాగుచేయడానికి అన్నిటికంటే తేలికైన కప్పు. రెండోది మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను సున్నంలో నిలువుగా పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు వేసి, కరక్కాయ, బెల్లం కలిపిన నీళ్ళు చల్లుతూ చెక్కలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరిచేవారు. చక్కటి చల్లదనం ఇచ్చే కప్పు ఇది. దీని బలహీనత దూలం కొసలో ఉంటుంది. గోడలోకి దూరిన ఆ కొస దగ్గరికి ఉరుపు నీరు చేరితే టేకు కూడా కుళ్ళుతుంది, చెదలు పడుతుంది. బయటికి కనిపించే భాగం నిగనిగలాడుతూనే ఉంటుంది. ప్రతి దూలం కొస దగ్గర సన్నటి మేకు గుచ్చి చూడాలి. మెత్తగా దిగితే లోపల కలప లేనట్టే.

మూడోది 1970, 80ల శ్లాబు. చాలా ఇళ్ళు ముందు భాగం సున్నం, వెనక భాగం శ్లాబుగా ఉంటాయి. ఈ శ్లాబును కాస్త నిదానంగా అర్థం చేసుకోవాలి. కాంక్రీటుకు ఉన్న క్షార గుణం లోపలి ఇనుప చువ్వలను తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏటా కొంచెం కొంచెంగా కాంక్రీటులోకి చొచ్చుకుపోయి ఆ గుణాన్ని తగ్గిస్తుంది. చువ్వ దాకా చేరాక రక్షణ పోతుంది. సముద్రం పక్క ఊళ్ళలో గాలిలోని ఉప్పు ఈ పనిని ఇంకా తొందర చేస్తుంది. తుప్పు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి కింది కాంక్రీటును బయటికి నెడుతుంది. మనం పెచ్చులూడటం అనేది ఇదే.

చిన్న సుత్తి పట్టుకుని, కుర్చీ ఎక్కి, శ్లాబు కింద అడుగడుగునా నెమ్మదిగా తట్టండి. గట్టి చోట 'టంగ్' మని మోగుతుంది. లోపల విడిపోయిన చోట 'డబ్' మని బోలుగా వినిపిస్తుంది. బోలు వినిపించిన చోటల్లా సుద్దముక్కతో గీత గీయండి. పని అయ్యేసరికి ఆ గదికి ఎంత మరమ్మతు కావాలో గీతలే చూపిస్తాయి. బాత్‌రూమ్ కింద, సన్‌షేడ్ల దగ్గర గీతలు ఎక్కువగా రావడం సహజం. ఊడిన చోట సిమెంటు మెత్తి రంగు వేయడం వల్ల తుప్పు ఆగదు, కనిపించకుండా పోతుంది. వదులు కాంక్రీటు అంతా కొట్టేసి, చువ్వను వెనక వైపు కూడా శుభ్రం చేసి, తుప్పు నిరోధక పూత పూసి, చువ్వ మరీ సన్నబడితే కొత్తది జోడించి, తగిన మసాలాతో నింపాలి. గది గదికీ ఇలాగే ఉంటే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. కొనకముందు ఆయనకు ఇచ్చే ఫీజు ఈ మొత్తం వ్యవహారంలో మీరు పెట్టే అతి మంచి ఖర్చు.

ఇక్కడ వంటింటి గోడ ప్రస్తావన వస్తుంది. ఇప్పటి ఇల్లాలికి వంటింట్లో ఒంటరిగా ఉండాలని లేదు. హాల్లో ఆడుకునే పిల్లలు కనిపించాలి, నలుగురితో మాట్లాడుతూ వండుకోవాలి. న్యాయమైన కోరిక. అందుకని వంటింటికీ హాలుకూ మధ్య గోడ తీసేద్దాం అంటారు. ఫ్లాటులో ఆ గోడ తీయడం చాలాసార్లు కుదురుతుంది, ఎందుకంటే అక్కడ బరువు మోసేవి స్తంభాలు. పాత ఇంట్లో స్తంభాలు ఉండవు. పైకప్పు బరువంతా గోడల మీదే ఉంటుంది. దూలాలు ఏ గోడ మీద ఆనుతున్నాయో చూస్తే ఏది మోస్తోందో తెలుస్తుంది. ఆనే గోడను తీయాలంటే ముందు పైకప్పుకు తాత్కాలిక ఊతాలు పెట్టి, ఇనుప దూలం ఎక్కించి, దాని కొసల కింద బలమైన దిమ్మెలు కట్టాలి. ఇంజనీరు లెక్క లేకుండా ఇది చేయకూడదు. చాలా ఇళ్ళలో మొత్తం గోడ తీయకుండా, లింటెల్ వేసి నాలుగైదు అడుగుల కిటికీ లాంటి ఖాళీ తెరిస్తే ఆమె కోరుకున్నది దొరుకుతుంది. నా మొగ్గు దానివైపే.

వాస్తు సంగతీ అంతే. మెట్లు మార్చాలి, వాకిలి తూర్పుకు తిప్పాలి అన్న మాటలు రిజిస్ట్రేషన్ అయ్యాక మొదలైతే ప్రతి మార్పూ ఒక బరువు గోడనో డ్రైనేజీనో కదిలిస్తుంది. ఇంట్లో నమ్మకం ఉంటే, వాస్తు చెప్పే పెద్దాయన్ని అడ్వాన్సుకు ముందే తీసుకెళ్ళి చూపించడం అందరికీ మేలు.

పడగొట్టి కొత్తగా కట్టేద్దాం అనే సలహా కూడా వస్తుంది. కొన్ని ఇళ్ళకు అదే సరైనది. కానీ కొత్త కట్టడానికి ఇప్పటి నిబంధనలు వర్తిస్తాయి. సెట్‌బ్యాక్ (ఖాళీగా ఉంచాల్సిన స్థలం) వదలాలి. మాస్టర్ ప్లాన్‌లో రోడ్డు విస్తరణ ఉంటే ఆ మేర స్థలం ఇవ్వాలి. చిన్న స్థలాల్లో ఇది చాలా తేడా తెస్తుంది. ఉన్న ఇంటిని బాగుచేసుకుంటే ఉన్న కొలతలు నిలుస్తాయి. గోడలు, పైకప్పు, అంతస్తు మార్చే పనికి మాత్రం మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగంలో ముందుగా అడగాలి.

కరెంటు విషయంలో రాజీ వద్దు. పాత వైరింగు రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక రేడియో కోసం వేసింది. ఇప్పుడు ఏసీలు, గీజరు, ఇండక్షన్ పొయ్యి వస్తాయి. సన్నటి తీగ వేడెక్కుతుంది, దాని తొడుగు పెళుసై రాలుతుంది, గోడ లోపల నిప్పు పుడుతుంది. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకి, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మామూలు పద్ధతి. పాత ఇళ్ళలో చాలా వాటికి సరైన ఎర్తింగ్ ఉండదు. కొత్తది వేయించి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు పక్కదారి పట్టగానే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. తడిచేత్తో గీజరు ముట్టుకునే పిల్లను కాపాడేది అదే. పాత ఇనుప నీటి గొట్టాలు లోపల తుప్పు పట్టి సన్నబడి ఉంటాయి. పూర్తిగా మార్చడమే నయం. బాత్‌రూమ్ నేలకు వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్ వేయకముందు, ఒకటి రెండు రోజులు నీళ్ళు నిలిపి కింద చెమ్మ వస్తోందో లేదో చూడాలి.

ఇప్పుడు అసలు కష్టమైన ప్రశ్న. పని జరుగుతుంటే కుటుంబం ఎక్కడుండాలి? అద్దె, ఈఎంఐ రెండూ కట్టలేక చాలామంది ఆ ఇంట్లోనే ఒక గదిలో సర్దుకుంటారు. పైకప్పు, శ్లాబు, మొత్తం వైరింగు మార్చే దశలో అది వద్దు. ముఖ్యంగా పసిపిల్లలు, గర్భిణి, ఆయాసం ఉన్న పెద్దవాళ్ళు ఉంటే. పాత రంగుల్లో సీసం ఉండేది. ఇంటి రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 90కి) మించకుండా చేసే నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన తలుపుల రంగును పొడిగా గీకితే ఆ దుమ్ము నేల మీద, బొమ్మల మీద పడి పిల్లల నోట్లోకి పోతుంది. సీసం ఎదిగే మెదడుకు హాని చేస్తుంది. నీళ్ళు చల్లి తడిపి గీకాలి. ఆ రోజుల్లో పిల్లలు ఆ ఇంట్లో ఉండకూడదు. వసారా మీద పాత సిమెంటు రేకులు ఉంటే వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పగలగొట్టకుండా, తడిపి, ముక్క చేయకుండా దించాలి. పనివాళ్ళ ఊపిరితిత్తులూ మనవాళ్ళవే.

ఉండక తప్పదంటే ఒక బాత్‌రూమ్, తాత్కాలిక వంటకు ఒక మూల, పెద్దవాళ్ళు పడుకునే గది ముందు పూర్తి చేసి, మిగతాది మందపాటి ప్లాస్టిక్ తెరతో వేరు చేయండి. ఆ రోజుల్లో ఇంట్లో ఒకరికొకరు విసుక్కోవడం జరుగుతుంది. నిద్ర చాలదు, వస్తువు దొరకదు, ప్రతి సాయంత్రం ఒక కొత్త ఖర్చు తెలుస్తుంది. ఎక్కువ గొడవలు మేస్త్రికి తలా ఒక మాట చెప్పడంతో మొదలవుతాయి. పొద్దున మామగారు స్విచ్ బోర్డు ఇక్కడ పెట్టమంటారు. మధ్యాహ్నం కోడలు అక్కడ పెట్టమంటుంది. సాయంత్రానికి గోడలో రెండు గాడులు ఉంటాయి. రాత్రి భోజనాల దగ్గర అందరూ మాట్లాడుకుని, పొద్దున ఒక్కరే మేస్త్రికి చెప్పాలి. ఆ ఒక్కరు ఇంట్లో ఎక్కువసేపు ఉండేవారైతే మంచిది. చాలా ఇళ్ళలో అది ఇల్లాలే. ఆమె మాటే చివరి మాట అని మేస్త్రి ముందు భర్త చెప్పాలి.

కూలి ఒప్పందం కూడా పాత ఇంటికి వేరుగా ఉండాలి. గోడ లోపల ఏముందో తెలియకుండా మొత్తం పనికి ఒకే ధర మాట్లాడితే ఎవరో ఒకరు నష్టపోతారు. పూత ఊడబీకడం, నేల తవ్వడం లాంటి తెరిచే పనులు రోజు కూలికి చేయించండి. లోపలి సంగతి బయటపడ్డాక మిగతా పనికి కాంట్రాక్టు మాట్లాడండి. అనుకున్న ఖర్చులో నాలుగో వంతు విడిగా ఉంచుకోండి, అది వాడకుండా మిగలడం అరుదు. పాత టేకు తలుపులు, ద్వారబంధాలు ఎవరికి చెందుతాయో ముందే కాగితం మీద రాయండి. పాత కలపకు మంచి ధర ఉంది.

చివరిగా కాలం. చాలామంది పిల్లల వేసవి సెలవుల్లో మొదలుపెడతారు. జూన్ రెండో వారానికి వానలు వస్తాయి, అప్పటికి పైకప్పు తెరిచి ఉంటుంది. సంక్రాంతి వెళ్ళగానే పైకప్పు పని మొదలైతే ఎండలు ముదిరేలోగా అది మూతపడుతుంది. వేసవిలో గోడలు ఆరుతాయి. గృహప్రవేశం ముహూర్తాన్ని మేస్త్రి తేదీల కంటే ముందు ఖాయం చేసుకుంటే ఆరని గోడల మీద రంగులు పడతాయి. కాబట్టి పంతులుగారిని కాస్త ఆలస్యంగా అడగండి. పాలు పొంగించి ఇంట్లోకి వెళ్ళినా, బయటి గోడల రంగు, మేస్త్రికి ఇవ్వాల్సిన ఆఖరి వాయిదా ఒక వానాకాలం గడిచేదాకా ఆపడం మంచిది. ఈ మాట కూడా ముందే ఒప్పందంలో ఉండాలి.

ఒక పని మాత్రం మరిచిపోకండి. గోడలు, నేల మూసేముందు ప్రతి గదిలో పైపులు, తీగలు కనిపించేలా ఫోటోలు తీయండి. నేల నుంచి ఎన్ని అడుగుల ఎత్తున ఏది వెళ్తోందో ఒక కాగితం మీద గీసి రాయండి. దాన్ని రిజిస్ట్రేషన్ దస్తావేజులతో కలిపి ఒకే కవర్లో పెట్టండి. ఆ ఇంట్లో తర్వాత గోడకు మేకు కొట్టే ప్రతి ఒక్కరికీ ఆ కాగితం కావాలి.